కాలమ్ లేకుంటే గీత గీయి

ఫోను చేసింది మా జీపు డ్రైవరు యాదగిరి. ఆదివారం పొద్దున్నే నేను పద్మారావు నగర్‌లో దోసెల పిండి కోసం లైన్లో నిలబడి ఉన్నాను. "మేడం పోయింది" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. ఆవిడ విషయంలో అది తప్పు ప్రశ్నేమీ కాదు. డెబ్బైకి దగ్గరపడ్డా, రెండు మోకాళ్లూ అరిగిపోయినా, ఏ రోజు ఏ ఊళ్లో ఏ పిల్లల మధ్య కూర్చుని ఉంటుందో ఇంట్లోవాళ్లకే తెలిసేది కాదు. యాదగిరి ఫోన్లో ముక్కు చీదాడు. అప్పుడు అర్థమైంది. వెనకున్నావిడ ముందుకు జరగమంటోంది. నేను జరగలేదు.

ఆవిడ పేరు ఇక్కడ రాయను. ఒకసారి మా రిపోర్టు చివర కృతజ్ఞతల్లో ఆవిడ పేరు వేస్తానని సంబరంగా చెబితే, "వద్దు బిడ్డా, పేరు గిట్ల కనవడితే ట్రాన్స్‌ఫర్ చేస్తరు" అంది. అప్పటికి ఆవిడ రిటైరై ఆరేళ్లు.

మూడేళ్ల కిందటి మాట ఇది. పద్మారావు నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ పైన, మొదటి అంతస్తులో మా ఆఫీసు. ఊళ్లలో అంగన్‌వాడీలు ఎలా నడుస్తున్నాయో చూసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఏది మేలో ఏది తక్కువో తేల్చి చెప్పడం మా పని. ఆ ఏడు సిటీకి గంటన్నర దూరంలో ఉన్న ఒక మండలం మా వంతుకు వచ్చింది. పోల్చడానికి ఒక ఫారం కావాలి కదా, దాన్ని నేను తయారు చేశాను. ఎనభై రెండు ప్రశ్నలు. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చదివిన పిల్లను నమ్మి పని అప్పగిస్తే ఇలాగే ఉంటుంది. గోడకు రంగు ఉందా, బరువు తూచే యంత్రం ఉందా, ఈగలు ఉన్నాయా, ఎన్ని ఉన్నాయి. ముప్పై ఏడో ప్రశ్న, పిల్లలు ఎక్కి ఊగే బొమ్మ ఉందా అని. అది ఏదో పరాయి దేశపు ఫారంలోంచి తెచ్చి పెట్టాను. ఎందుకు తెచ్చానంటే అక్కడ ఉంది కాబట్టి తెచ్చాను.

అంతవరకూ అయితే నవ్వి ఊరుకోవచ్చు. ఫారం చివర్లో ఒక నియమం ఉంది. దగ్గర దగ్గరగా ఉన్న సెంటర్లలో దేనికి అన్నిటికన్నా తక్కువ మార్కులు వస్తే, ఆ సెంటర్‌ను మూసి పక్కదానిలో కలిపేయమని మేం సిఫారసు చేయాలి. ఆ నియమం మా సార్‌ది. మార్కులు మాత్రం నావి.

ఊళ్లకు దారి చూపించడానికి ఎవరైనా తెలిసినవాళ్లు ఉంటే బాగుంటుందని సార్ ఆవిడను కుదిర్చారు. ఆ మండలంలోనే పాతికేళ్లకు పైగా అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా చేసిందట. భర్తది రైల్వే ఉద్యోగం, ఆయన పోయాక కూడా మెట్టుగూడలోనే కొడుకు దగ్గర ఉండిపోయింది. మొదటి రోజు పొద్దున ఏడింటికి మెట్టుగూడ మూల మీద జీపు ఆగేసరికి, చంకలో ఒక గుడ్డసంచీ, చేతిలో ఉడకబెట్టిన పల్లీల స్టీలు డబ్బా పట్టుకుని నిలబడి ఉంది. ఎక్కి కూర్చుంది. నేను ఎంతో గర్వంగా నా ఫారం అందించాను. చదవలేదు. అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించింది.

"బరువు బాగనే ఉన్నది" అంది. "వయసుకు తగ్గ బరువు."

తర్వాత నన్ను కింది నుంచి పైదాకా చూసి, నేను మాత్రం పసుపులో ఉన్నానని తేల్చింది. అంగన్‌వాడీల్లో పిల్లల బరువు గుర్తు పెట్టే చార్టు ఒకటి ఉంటుంది. ఆకుపచ్చలో ఉంటే బాగున్నట్టు, పసుపులో ఉంటే జాగ్రత్త పడాల్సినట్టు, నారింజలో ఉంటే ప్రమాదం. ఆవిడకు లోకమంతా ఆ చార్టే. మంత్రులు, సినిమా నటులు, కోడలి వంట, సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర ట్రాఫిక్, అన్నిటికీ ఈ మూడు రంగులే. మా సార్‌ను ఒక్కసారి చూసి నారింజలో పెట్టింది. మనిషి తొంభై కిలోలు ఉంటారండీ అన్నాను. బరువు మాట కాదంది.

అంగన్‌వాడీలోకి అడుగు పెట్టగానే ఆవిడ చేసే పని ఒకటుంది. నేల మీద కూర్చునేది. టీచరు కంగారుగా కుర్చీ తెచ్చినా, తుడిచినా, బతిమాలినా కుర్చీ ఎక్కేది కాదు. కూర్చోవడం వరకూ బాగానే కూర్చునేది. లేవడమే కష్టం. మోకాళ్లు సహకరించేవి కావు. యాదగిరి ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని లేపాలి. మూడో ప్రయత్నానికి గానీ లేచేది కాదు. పిల్లలకు అదో ఆట, చప్పట్లు కొట్టేవాళ్లు. రోజుకు మూడు సెంటర్లు చూస్తే మూడుసార్లు ఈ తంతు. కుర్చీలో కూర్చుంటే ఏం పోతుంది మేడం అని ఒకసారి విసుక్కున్నాను.

"కూసో" అంది, నేల మీద పక్కన తట్టి.

కూర్చున్నాను. నాకు అప్పటికే నూటికి నూరు మార్కులు వేయాలనిపించిన గది అది. గోడ నిండా రంగురంగుల అక్షరాలు, జంతువులు, పండ్లు. కింద కూర్చుని చూస్తే ఒక్కటీ సరిగా కనబడలేదు. ఏనుగు కాళ్లు కనబడ్డాయి. అన్నీ నిలబడిన మనిషి కళ్ల ఎత్తులో కట్టారు.

"గీ బొమ్మలు ఎవలి కోసం పెట్టిన్రు?" అని అడిగింది. జవాబు కూడా ఆవిడే చెప్పింది. "మన కోసం."

నాకు కోపం వచ్చింది. ఆ మాట ముందే తోచి ఉంటే ఎనభై మూడో ప్రశ్న అయ్యేది.

ఆవిడకున్న రెండో అలవాటు చాయ్. ఒక సెంటర్‌కూ ఇంకో సెంటర్‌కూ మధ్య పది నిమిషాల దూరం. ఆ పది నిమిషాల్లో రోడ్డు పక్కన ఒక చాయ్ బండి ఉండి తీరాలి, "జెర చాయ్ తాగుదాం" అని ఆవిడ అని తీరాలి. తాగడం కూడా మామూలుగా కాదు. గ్లాసు చేత్తో పట్టుకుని ఊదేది. చల్లారిపోయినా ఊదేది. నేను గడియారం చూసుకుంటూ పళ్లు కొరుక్కునేదాన్ని. ఆ ఊదడం ఎంతసేపంటే, రోడ్డు మీద ఏదో ఒక ఆటో మమ్మల్ని దాటి పోయేదాకా. ఆటో పోయాక మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి, "ఇగ పోదాం పా" అనేది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ కళ్లు మూసుకున్నది నేను.

ఇక ఆ మూడు సెంటర్ల రోజు సంగతి చెప్పాలి. ఒకే గ్రామ పంచాయతీ కింద మూడు అంగన్‌వాడీలు. మొదటిది పంచాయతీ ఆఫీసు పక్కన, కొత్త బిల్డింగు. రెండోది బడి ఆవరణలో. మూడోది నాలుగు లైన్ల పెద్ద రోడ్డుకు అవతల, ఒక చిన్న వాడలో, కిరాయికి తీసుకున్న ఒంటి గది. ఈ మూడింటిలో ఒకదాన్ని మూయడమే అని సార్ ముందే అనుకున్నారు. ఏది అన్నది నా ఫారం చెప్పాలి.

మొదటి దానికి వెళ్లాం. అన్నీ ఉన్నాయి. మధ్యలో నీలం రంగు ప్లాస్టిక్ గుర్రం, దాని మీద ఆకుపచ్చ గౌను వేసుకున్న ఒక పాప ఊగుతోంది. ముప్పై ఏడో ప్రశ్నకు జవాబు దొరికిందని ఎంత పొంగిపోయానో చెప్పలేను. పాప పేరు అడిగాను. అక్షిత అంది. రాసుకున్నాను. బయటికొచ్చాం, చాయ్ తాగాం, ఆటో పోయింది.

రెండోదానిలోనూ నీలం గుర్రం ఉంది. దాని మీదా ఒక పాప. పేరు అక్షిత. నేను ఫారం పక్కన చిన్న అక్షరాలతో ఇలా రాసుకున్నాను: "ఈ మండలంలో ఆడపిల్లలకు అక్షిత అనే పేరు ఎక్కువగా పెడుతున్నట్టు కనిపిస్తోంది. బొమ్మల సరఫరా అన్ని సెంటర్లకూ ఒకే విధంగా జరిగింది." ఈ వాక్యాలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. గర్వం ఎక్కువైన రోజు తీసి చదువుకుంటాను. ఆకుపచ్చ గౌను నా కంట పడలేదా అంటే, పడలేదు. నేను పిల్లల మొహాలు చూడటం లేదు. ఫారంలో మొహాలకు కాలమ్ లేదు.

మళ్లీ చాయ్. ఈసారి ఆవిడ రెండు గ్లాసులు తాగింది. పెద్ద రోడ్డు దాటడానికి ఆటోకు ఎక్కువసేపు పడుతుందని నాకు తెలియదు కదా. మూడో సెంటర్‌లోకి వెళ్లేసరికి గుర్రం అక్కడ ఉంది. గుర్రం మీద పాప చెమటలు పట్టి, జుట్టు రేగి, అలిసిపోయి కూర్చుని ఉంది. నేను వంగి, పేరేంటమ్మా అని తియ్యగా అడిగాను. ఆ పిల్ల నన్ను తేరిపార చూసింది.

"మళ్ల వచ్చినవా?" అంది. ఆ తర్వాత కొంచెం జాలిగా, "నువ్వు సుత ఆటోల వచ్చినవా?"

టీచరు గోడ వైపు చూసింది. ఆయా పొయ్యి వైపు చూసింది. యాదగిరి గుమ్మం దగ్గర నిలబడి పైకప్పు రేకుల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మేడం నేల మీద కూర్చుని పల్లీలు ఒలుచుకుంటోంది. తప్పు చేసింది వాళ్లయితే తేలు కుట్టిన దొంగలా నిలబడింది నేను.

అప్పుడు మొత్తం బయటికొచ్చింది. ఆ గుర్రం ఈ మూడో సెంటర్‌దే. మొదటి రెండింటికీ గుర్రం లేదు, ఈ సెంటర్‌కు బరువు తూచే యంత్రం లేదు. అందుకని పొద్దున్నుంచీ ఆ ముగ్గురు టీచర్లూ ఒక ఆటో మాట్లాడుకుని, మా జీపు కంటే ముందు సామాన్లు తిప్పుతున్నారు. అక్షిత ఈ వాడ పిల్లే. గుర్రాన్ని ఆటోలో ఎక్కిస్తుంటే దిగనని ఏడ్చిందట, గుర్రంతో పాటు పిల్లనూ తిప్పారు. అంతకుముందు ఊళ్లలో మమ్మల్ని దాటిపోయిన ఆటోల సంగతి నేనిక అడగలేదు.

నేను మేడంను బయటికి తీసుకెళ్లి నా కోపమంతా వెళ్లగక్కాను. బయటికి తీసుకెళ్లడానికి ముందు లేపాలి కాబట్టి, కోపం కొంత అక్కడే ఖర్చయింది. మీకు ముందే తెలుసా అంటే తెలుసంది. ఇది అబద్ధం కదండీ అంటే, అబద్ధమే అంది. ఎందుకు చేయనిచ్చారని అడిగాను.

"నువ్వు మూడిట్ల పోటీ పెట్టినవ్, ఓడినదాన్ని మూసేస్తం అన్నవ్. ఆళ్లు పోటీ ఇడిసిపెట్టి ఒక్కటైన్రు" అంది తాపీగా. "ఒకరికొకరు సామాన్లు ఇచ్చుకోర్రి అని నేను ఇన్నేండ్లు మీటింగులల్ల మొత్తుకున్నా. ఎవ్వలు ఇనలే. నీ ఫారం ఒక్క పూటల చేసింది."

అది నాకు పొగడ్తో తిట్టో తేలలేదు. ఆవిడ మాత్రం గుర్రం మూడు చోట్ల ఉందని రాసింది కొట్టేయమంది. ఉన్నది ఉన్నట్టే రాయమంది. కాకపోతే ఒక కోరిక కోరింది. ఒక్కో సెంటర్‌కు ఒక్కో సాయంత్రం వెళ్లి, పిల్లలు ఇంటికి పోయేదాకా కూర్చోవాలి. ఆ తర్వాత ఏం రాసినా అడగనంది. ఆ వాడ పిల్లలు ఏ గదిలో కూర్చుంటారన్నది నా పెన్ను మీద ఉందని ఆవిడకు తెలుసు. నాకు అప్పటిదాకా తెలియలేదు.

మూడు సాయంత్రాలు కూర్చున్నాం. కొత్త బిల్డింగులో మూడున్నరకే పిల్లలు సంచులు తగిలించుకుని గుమ్మం దగ్గర నిలబడ్డారు. నాలుగు కొట్టగానే ఒక్కరు లేరు, తుపాకీ గుండుకు కూడా దొరకరు. బడి ఆవరణలో ఇద్దరు ఏడ్చారు, అందులో ఒకడు చీమ కుట్టి. మూడో రోజు పెద్ద రోడ్డు అవతలి ఒంటి గది. ఫ్యాను లేదు, గచ్చు పగిలింది. టీచరు నేల మీద కూర్చుని ఒక నక్క కథ చెబుతోంది. నక్క బావిలో పడింది, పైనుంచి ఎవరో తొంగి చూశారు, సరిగ్గా అక్కడ ఆపేసింది. మిగతాది రేపు అంది.

ఏడుపు మొదలైంది. పద్నాలుగు మందిలో పదకొండు మంది ఏడ్చారు. ఒకడు గుంజ పట్టుకున్నాడు. ఒకడు వాళ్ల నాయనమ్మ కొంగు పట్టి లోపలికి లాగుతున్నాడు, నువ్వు కూడా కూర్చో అని. అక్షిత అయితే ఏడవలేదు. చెప్పు ఒకటి కనబడటం లేదంది, చెప్పు లేకుండా పోనంది. ఆయా వెతికితే గుర్రం వెనక దొరికింది. రోజూ అక్కడే దాస్తుందట. ఆయా ఒక్కొక్కరి ముక్కు తుడుస్తూ, వీపు నిమురుతూ పంపిస్తోంది. "ఏడువకుర్రి, రేపు పొద్దుగాల మళ్ల తెరుస్తం గదా" అంటోంది.

కథ సగంలో ఆపమని ఈ టీచరుకు ఎవరు నేర్పారని అడిగాను. మేడం పల్లీలు నములుతూ, అందరికీ నేర్పానంది. ఒక్కతే విందంది. తర్వాత నన్ను నడిపించుకుంటూ వాడ చివరి దాకా, పెద్ద రోడ్డు దాకా తీసుకెళ్లింది. లారీలు ఆగకుండా పోతున్నాయి. ఈ గది మూస్తే మూడేళ్ల పిల్లలు ఆ రోడ్డు దాటి అవతలి బిల్డింగుకు వెళ్లాలి. ఎవరూ పంపరు, వాళ్లు ఇళ్లలోనే ఉండిపోతారు. ఆ మాట ఆవిడ అనలేదు. నాకే కనబడింది. పొద్దున్నుంచీ నేనేమీ తినలేదు. ఆవిడ డబ్బా మూత తీసి పల్లీలు చేతిలో పోసింది.

"దీనికి ఫారంలో కాలమ్ లేదండీ" అన్నాను.

"కాలమ్ లేకుంటే గీత గీయి" అంది.

ఆ పల్లీల డబ్బా మూతనే స్కేలుగా పెట్టి, జీపు బానెట్ మీద ఫారం పరిచి, నిలువుగా ఒక గీత గీశాను. మూత గుండ్రంగా ఉండటం వల్ల గీత కాస్త వంకర పోయింది. పైన రాశాను: ఇంటికి పోయేటప్పుడు ఏడ్చినవాళ్లు. కింద రాశాను: సున్న, రెండు, పదకొండు. నేను చేసిన మంచి పని అది ఒక్కటే. దాన్ని కూడా ఆఫీసుకొచ్చి నేనే చెడగొట్టుకున్నాను.

అన్నీ కంప్యూటర్లో ఎక్కిస్తున్నప్పుడు కొత్త కాలమ్‌ను ఏదో ఒక శీర్షిక కింద చేర్చాలి. ఏడుపు కదా అని, ఈగలు, దుర్వాసన, తడి గోడలు ఉన్న శీర్షిక కింద చేర్చాను. దాని పేరు "పిల్లల ఇబ్బందులు". ఆ శీర్షిక కింద ఎన్ని ఉంటే అన్ని మార్కులు తీసేయమని నేనే ఎప్పుడో కంప్యూటర్‌కు నేర్పి పెట్టాను. అది నాకన్నా బుద్ధిగా నా మాట వింది. సోమవారం సార్ మీటింగులో రిపోర్టు చదివారు. మూడో సెంటర్‌లో పిల్లలు రోజూ సాయంత్రం ఏడుస్తున్నారట, పాపం, వెంటనే మూసి కలిపేద్దాం అన్నారు. ఉత్తరం కూడా తయారైంది.

సార్‌కు చెప్పే ధైర్యం లేక బయటికొచ్చి, టిఫిన్ సెంటర్ ముందు నిలబడి మేడంకు ఫోను చేశాను. తిడుతుందనుకున్నాను. "ఎన్ని మెట్లున్నయ్ మీ ఆఫీసుకు?" అని అడిగింది. పద్దెనిమిది అన్నాను.

పద్దెనిమిది మెట్లూ ఎక్కించాం. యాదగిరి వెనక, నేను ముందు. సార్ గదిలోకి పోగానే అలవాటు ప్రకారం నేల మీద కూర్చుంది. సార్ కుర్చీ చూపించారు. వద్దంది. తన వయసులో సగం ఉన్నవాడి కాళ్ల దగ్గర ఒక పెద్దావిడ కూర్చుంటే ఎలా ఉంటుంది చెప్పండి. సార్ ఒకసారి లేచారు, ఒకసారి కూర్చున్నారు, చివరికి చేసేది లేక ప్యాంటు పైకి లాక్కుని తనూ నేల మీద చతికిలబడ్డారు. ఆఫీసంతా తలుపు దగ్గర చేరింది.

"ఒక్క మాట అడుగుత సార్" అంది. "గీ ఆఫీసుల పొద్దుమీకి ఇంటికి పోయేటప్పుడు ఎవలన్న ఏడుస్తరా?"

తలుపు దగ్గర అకౌంటెంటుకు దగ్గు వచ్చింది. మేమంతా ఐదున్నర ఎప్పుడవుతుందా అని ఐదింటికే బ్యాగులు సర్దుకునే జాతి. ఆ సంగతి సార్‌కూ తెలుసు. ఆయన కూడా మాతోపాటే మెట్లు దిగుతారు. ఎవరూ ఏడవరని నిజాయితీగా ఒప్పుకున్నారు.

"గా సెంటర్ల ఏడుస్తరు సార్. పదకొండు మంది."

సార్ నా వైపు చూశారు. నేను నా శీర్షిక సంగతి, నా మైనస్ మార్కుల సంగతి అప్పుడు చెప్పాను. చెప్పడం అయ్యేసరికి ఆవిడ గోడకున్న మా పెద్ద రంగుల చార్టును కింద నుంచి చూస్తూ, దాంట్లో ఒక్క ముక్కా కనబడటం లేదని యాదగిరితో చెబుతోంది.

ఇద్దర్నీ నేల మీద నుంచి లేపాల్సి వచ్చింది. సార్ కూడా తేలికేమీ కాదు.

ఆ శుక్రవారం సార్ స్వయంగా ఊరికొచ్చారు. మేడం ఆయన్ను సెంటర్‌కు తీసుకెళ్లలేదు. నేరుగా పెద్ద రోడ్డు దగ్గర దింపించి, నేను దాటలేను సార్, చెయ్యి పట్టుకోండి అంది. ఇద్దరూ అరగంట నిలబడ్డారు. రెండుసార్లు మధ్యదాకా పోయి వెనక్కి పరిగెత్తుకొచ్చారు. ఆ మోకాళ్లు పరిగెత్తడం నేను చూసింది ఆ రోజే. అవతలికి చేరాక సార్ చొక్కా మొత్తం తడిసిపోయింది. ఉత్తరం పంపలేదు. రిపోర్టులో చివరికి ఏం రాశామంటే, "ఈ మూడు కేంద్రాలు బోధన సామగ్రిని పరస్పరం పంచుకునే పద్ధతి ఇతర మండలాలకు ఆదర్శం." ఆటోలో గుర్రాన్ని తిప్పడానికి ఇంత మంచి పేరు పెట్టొచ్చని నాకు తెలియదు. తిరుగు ప్రయాణంలో సార్ ముందు సీట్లో నిద్రపోయారు. మేడం వెనక నుంచి ఆయన్ను కాసేపు చూసి, పసుపులోకి వచ్చిండని నా చెవిలో చెప్పింది.

ఆ సెంటర్ ఇప్పటికీ ఉంది. కథలు ఇప్పటికీ సగంలో ఆగుతున్నాయట. నేను ఆ తర్వాత ఫారాన్ని పన్నెండు ప్రశ్నలకు కుదించాను. కుదించిన రోజు ఆవిడకు చూపిస్తే అరచేతిలో ఆడించి, "ఏందీ, గింత బక్కగైంది" అంది. ఎలాగూ మెచ్చుకోదు. అయినా ఆ పై రెండేళ్లలో, బన్సీలాల్‌పేటలో ఎవరో చుట్టాలింటికి వచ్చానని చెప్పి ఎన్నిసార్లు మా ఆఫీసు కింద నిలబడి నాకు పల్లీలు పంపించిందో లెక్కలేదు. నేను పసుపులోంచి ఆకుపచ్చలోకి రావాలని ఆవిడ పట్టుదల. పద్దెనిమిది మెట్లు మాత్రం మళ్లీ ఎక్కలేదు. నేనే కిందికి దిగేదాన్ని, కొన్నిసార్లు పని ఉందని దిగేదాన్ని కాదు. ఆ కొన్నిసార్లు ఇప్పుడు గుర్తొస్తున్నాయి.

ఆ ఆదివారమే మెట్టుగూడ వెళ్లాను. ఇంటి ముందు చెప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి. పెద్దవి, అరిగినవి, మధ్య మధ్య చిన్నచిన్నవి. ముగ్గురు టీచర్లూ ఒకే ఆటోలో వచ్చారు, అదే ఆటో. వాళ్లతో పాటు ఒక పిల్ల ఉంది, రెండో తరగతిట, పొడుగైంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"మళ్ల వచ్చినవా?" అంది.

ఈసారి నేను మొహం చూశాను. వచ్చానమ్మా, జీపులో వచ్చాను అన్నాను. ఆ ఇంట్లో, ఆ రోజు, ముగ్గురు టీచర్లూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వి, వెంటనే ఏడ్చారు. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఎంతసేపు కూర్చున్నా రాలేదు. నేల మీదే కూర్చున్నాను. అక్కడి నుంచి ఆవిడ మంచం, గోడ మీద మనవడి చేతి ఎత్తులో అంటించిన అఆల చార్టు, కిటికీలో బోర్లించిన పల్లీల డబ్బా, అన్నీ సరిగ్గా కనబడుతున్నాయి.

అంతా అయిపోయి, సాయంత్రం నాలుగు దాటాక, ఇక పోదామని యాదగిరి సైగ చేశాడు. లేచి గుమ్మం దాకా వచ్చాను. అక్కడ వచ్చింది. ఆపుకోలేకపోయాను. గడప దగ్గరే, అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా ఏడ్చాను. ఎవరో వచ్చి పక్కన నిలబడి వీపు నిమిరారు. చెయ్యి చిన్నది.

"ఏడువకక్కా" అంది అక్షిత. "రేపు పొద్దుగాల మళ్ల తెరుస్తరు."

సరేనమ్మా అన్నాను. చెప్పుల కుప్పలో నా చెప్పు ఒకటి కనబడలేదు. నేను తొందరపడి వెతకలేదు.